పలకలో ముప్పై తొమ్మిది

మే 17
బయట 48. బండ్లలో 43. పలకలో 39.

ఇది నా సొంత పుస్తకం. రోడ్డు మండలి వాళ్ళిచ్చిన, వేలితో మీటే పలక వేరే ఉంది. అందులో రోజువారీ గడిలో అంకె తప్ప మాట పట్టదు. మాట పట్టని చోట నేను ఎక్కువసేపు ఉండలేను కాబట్టి ఈ కాగితాల పుస్తకం పెట్టుకున్నాను. నా పేరు జస్విక. వయసు యాభై ఆరు. పదిహేడో నీడ యార్డుకు కాపరిని. మాచర్ల దాటాక, పాత నాపరాయి క్వారీ మీద కట్టిన యార్డు ఇది. పైన రేకుల షెడ్ల కింద బండ్లు, కింద క్వారీ గుంటలో తొలిచిన హాల్లో మనుషులు.

ఈ రోజు డెబ్బై రెండు బండ్లు. పదింటికి సైరన్ మోగుతుందని పుట్టినప్పటి నుంచీ తెలిసినా, తొమ్మిది యాభై అయిదుకే అందరికీ గుర్తొస్తుంది. పది దాటితే తారు మెత్తబడి టైరు దిగబడుతుంది. అయిదింటి దాకా రోడ్డు మీద ఎవరూ కదలకూడదు. ఆగిన బండిలో ఏసీ కూడా వెయ్యకూడదు, ఆ ఎండకు బ్యాటరీ అంటుకుంటుంది. కాబట్టి ఆ ఏడు గంటలూ బండిని చల్లగా ఉంచే బాధ్యత నాదీ, అయాన్ భాయ్‌దీ. ఆయన నీళ్ళు చూస్తాడు, నేను మిగతావన్నీ చూస్తాను, తిట్లు ఇద్దరం తింటాం.

బండి ముక్కు ఉత్తరానికి పెట్టించాలి. ముందు అద్దానికి వెండిగుడ్డ కప్పాలి. కిటికీలు వేలెడంత దించాలి, అటొకటి ఇటొకటి, ఒకే వైపు దించితే గాలి ఆడదు. సీటు బెల్టు ఇనప ముక్కకు నూలుగుడ్డ చుట్టాలి, లేకపోతే సాయంత్రం తొడ కాలి కేక పెడతారు. షెడ్డు పక్కల వేలాడే వట్టివేళ్ళ తడికలను గంటకోసారి తడపాలి. ఇవన్నీ చేసినా ఎవరో ఒకరు బండిలో ఏదో ఒకటి వదిలేస్తారు. ఇవాళ ఒకాయన గోంగూర పచ్చడి జాడీ, మూత బిగించి మరీ సీటు మీద పెట్టి వెళ్ళాడు. రెండున్నరకు అది పేలింది. బండి లోపల కప్పు దాకా గోంగూరే. ఆయన నన్నే కోప్పడ్డాడు.

పై వరసలో అంకెల సంగతి కూడా రాసేస్తాను, ఈ పుస్తకం ఎవరూ చదవరు గనక. బండిలో నలభై దాటిందని రాస్తే పలక వెంటనే సంజాయిషీ అడుగుతుంది. పదకొండు ప్రశ్నలు. ఇక్కడికొచ్చిన మొదటి ఎండాకాలం నేను నలభై ఒకటని ఉన్నదున్నట్టు రాసి, మూడు రోజులు పని మానుకుని జవాబులు రాస్తూ కూర్చున్నాను. అప్పుడు పద్దెనిమిదో యార్డు కాపరి రిషాంక్ ఫోన్ చేసి ఒకటే నవ్వు.

“ఏంది జస్వికా, ముప్పై తొమ్మిది రాయడం కూడా రాదా నీకు?”

అప్పటి నుంచీ రాస్తున్నాను. ఈ రోడ్డు మీద కాపరులందరూ రాస్తారు. ఎవరింటికైనా వెళ్ళినప్పుడు అన్నానికి లెమ్మంటే ‘ఇప్పుడే తినొచ్చాం’ అంటాం చూడండి, అలాంటి మాట అది. పదహారో యార్డు ఆద్య ఒక్కతే నిజం రాస్తుంది. ఆమెను అందరం వెనక నవ్వుకుంటాం. నాలుగున్నరకల్లా మేం తలుపులన్నీ బార్లా తీసి, గాలి ఆడించి, సీట్లు తడిగుడ్డతో తుడిచేస్తాం. అయిదింటికి పైకొచ్చినవాళ్ళకు తేడా తెలియదు. ఎవరికీ నష్టం లేని పని.

మే 20
బయట 49. బండ్లలో 43. పలకలో 39.

మండలి నుంచి మెచ్చుకోలు కాగితం వచ్చింది. పదకొండేళ్ళుగా ఒక్క రోజు కూడా నలభై దాటనివ్వని యార్డుగా మాకు పేరొచ్చిందట. అయాన్ భాయ్ కళ్ళజోడు పెట్టుకుని, గొంతు సవరించుకుని, పెళ్ళి శుభలేఖ చదివినట్టు చదవడం మొదలుపెట్టాడు. సగంలో ఆపేశాడు.

“తర్వాతేంది భాయ్?”

“నువ్వే చూసుకో అమ్మాయ్. నా నోటితో నేను చదవను.”

యార్డు సహజంగానే చల్లగా ఉంటోంది కాబట్టి మాకు రోజూ ఇచ్చే నాలుగు ట్యాంకర్ల నీళ్ళలో మూడు, అవసరం ఉన్న యార్డులకు మళ్ళిస్తున్నారట. రేపటి నుంచి ఒక్క ట్యాంకరే. కింద పెద్ద సంతకం.

“సహజంగా చల్లగా ఉంటోందంట!” అన్నాడు అయాన్ భాయ్. “పొద్దున్నుంచీ బిందెలు మోసి నా నడుం ఇరిగిపోతంది. ఇది సహజమంట!”

నాకు ముందు నవ్వొచ్చింది. తర్వాత రాలేదు.

మే 23
బయట 50. బండ్లలో 45. పలకలో 39.

ఒక్క ట్యాంకరు డెబ్బై బండ్లకు ఏ మూలకూ రాదు. తడికలు మధ్యాహ్నానికల్లా ఎండి చేతికి గుచ్చుకుంటున్నాయి. కింది హాల్లో జనం స్నానం చేసిన నీళ్ళను పట్టి గోనె పట్టాలు తడిపి బండ్ల మీద వేస్తున్నాం. ఒకావిడ తన బండి మీద సబ్బు వాసన వస్తోందని అడిగింది. కొత్త రకం అత్తరు అన్నాను.

నీళ్ళు కావాలని మండలికి అర్జీ రాయడానికి కూర్చున్నాను. ‘బండ్లలో వేడి ఎక్కువగా ఉన్నందున’ అని మొదలుపెట్టాలి కదా. ఎంత ఎక్కువ, ఎప్పటి నుంచి అని వాళ్ళు అడుగుతారు. పలకలో పదకొండేళ్ళ ముప్పై తొమ్మిదులు వరసగా కూర్చుని ఉన్నాయి. కాగితం చింపేశాను.

అయాన్ భాయ్ చూశాడు. తర్వాత, “నిజం చెప్తే ఏమైద్ది? ఉద్యోగం పోయిద్ది. పోతే పోయింది. నేను వంట పనికి పోతా, నువ్వు కూరగాయలు తరుగుదువు గాని” అన్నాడు. యార్డులో చేరకముందు ఆయన పెళ్ళిళ్ళకు వంట చేసేవాడు. ఇప్పటికీ ఏ కష్టమొచ్చినా పొయ్యి దగ్గరికే వెళ్తాడు.

నాకు ఉద్యోగం పోతుందనే భయం లేదు. ఆద్య నవ్వుతుందని భయం. ఇది ఇక్కడ రాయడానికి కూడా సిగ్గుగా ఉంది.

మే 26, ఉదయం 9:40
బయట 44.

నిన్న రోహిణి కార్తె మొదలైంది. పొద్దున్నే గాలి పెనం మీద నుంచి వస్తున్నట్టుంది.

ఒక పాత పెద్ద కారు వచ్చింది. వెనక సీట్లన్నీ పీకేసి, ఆ చోటులో జల్లెడ కిటికీలున్న చెక్క పెట్టెలు ఎనిమిది పేర్చి ఉన్నాయి. దగ్గరికెళ్తే లోపల నుంచి సన్నగా మోత. తేనెటీగలు! నా చిన్నప్పుడు మా బడి గోడకు ఒక పట్టు ఉండేది. మళ్ళీ ఇన్నేళ్ళకు ఆ చప్పుడు విన్నాను.

కారు నడుపుతున్న అమ్మాయి పేరు నక్షత్ర. ముప్పై ఏళ్ళుంటాయి, మార్కాపురం అవతల వాళ్ళ ఊరు. మన్యంలో మిగిలిన నాలుగు తేనె ఊళ్ళ నుంచి ఈ పెట్టెలు తెస్తోంది. వాళ్ళ ఊళ్ళో నలభై ఇళ్ళవాళ్ళు వలల కింద గుమ్మడి, దోస, పుచ్చ పాదులు వేశారట. మూడేళ్ళుగా ఈగ అన్నది లేక, ఆడవాళ్ళు కోడి ఈకలతో పువ్వు పువ్వుకూ పుప్పొడి అంటిస్తున్నారట. పది పూలకు ఒక్క పిందె నిలిస్తే గొప్ప.

“పిన్నీ, వీటికి నలభై దాటకూడదు” అంది. “దాటితే మైనం మెత్తబడి పట్టు జారిపోయిద్ది. రాణీగ దాని కింద నలిగి చచ్చిపోయిద్ది. రాణి పోతే పెట్టె పోయినట్టే.”

“కిందికి దించుకుందామా?” అన్నాను. బతికున్న సరుకు హాల్లోకి రాకూడదని నిబంధన ఉంది, అయినా అన్నాను.

“కదపకూడదు. ఇప్పటికే కాస్త మెత్తబడ్డాయి. మీ నలభై ఎనిమిది మెట్లు దిగేలోపల పట్లన్నీ ఇరిగిపోతాయి. పర్లేదులే. మీ యార్డు సంగతి మండలి జాబితాలో చూసుకునే వచ్చా. పదహారో నంబరులో నలభై ఒకటీ నలభై రెండూ రాసుంది. అది దాటుకోని వచ్చా. మీ కాడ పదకొండేళ్ళుగా ముప్పై తొమ్మిదే గదా!”

నవ్వుతూ చెప్పింది. నేను గడియారం చూశాను. పదహారో యార్డు వెనక్కి ఇరవై నిమిషాలు. సైరన్‌కు సరిగ్గా ఇరవై నిమిషాలు ఉంది. ఆద్యకు నాలుగు ట్యాంకర్లు వస్తున్నాయి, ఆమె నలభై ఒకటి నిజం నలభై ఒకటి, ఒక్క కారును అంతకంటే చల్లగా ఉంచడం ఆమెకు కష్టం కాదు.

“మూడో వరసలో పెట్టు, అదే మంచి చోటు” అన్నాను.

ఉదయం 11:15
బయట 49. మూడో వరసలో 42. పలకలో 39.

ఉన్న నీళ్ళన్నీ ఆ ఒక్క కారుకే మళ్ళించాను. గోనె పట్టాలు రెండు వరసలు వేశాం. మిగతా డెబ్బై బండ్లు వాటి కర్మకు అవి ఉన్నాయి. నక్షత్ర కారు పక్కనే కూర్చుంటానని పట్టుబట్టింది. పైన గంట కూర్చుంటే మనిషి పడిపోతుంది. నేనున్నాగా, చూసుకుంటాగా అని బలవంతాన కిందికి పంపాను. మెట్లు దిగుతూ, “ముప్పై తొమ్మిదే గదా పిన్నీ ఉంది?” అని మరోసారి అడిగింది.

“అంతే ఉంది” అన్నాను.

మధ్యాహ్నం 12:20
బయట 51. మూడో వరసలో 45.

పలకలో ఏమీ రాయలేదు.

ట్యాంకరు అడుగంటింది. పట్టాల మీద పోసిన నీళ్ళు చూస్తుండగానే ఆవిరవుతున్నాయి. పెట్టెల్లో మోత మారింది. పొద్దున వంటింట్లో మాటల్లా ఉన్నది ఇప్పుడు కేకల్లా ఉంది. ఈగలన్నీ జల్లెడ దగ్గరికొచ్చి, వరసగా నిలబడి రెక్కలు విసురుతున్నాయి. లోపలికి చల్లగాలి తోలడానికి వాటి తంటాలు అవి పడుతున్నాయి. అడుగు పెట్టె మూల నుంచి పసుపు రంగు చుక్క ఒకటి కారింది. వేలితో ముట్టుకున్నాను. తేనె, అందులో మైనం ముక్క.

అయాన్ భాయ్ నా పక్కన నిలబడ్డాడు.

“పొయ్యిగదిలో పొగగొట్టం తెలుసుగా” అన్నాడు. “కింద చల్లగాలిని అదే పీక్కుంటది. వేడెక్కిన గాలి పైకి పోతే, దాని చోటుకి కింది గాలి రాక తప్పదు. మన హాల్లో ముప్పై ఒకటి ఉంది. ఈ వరస కిందే పాత గాలి కంత ఉంది, బండ పెట్టి మూసేశారు. అది తీసి, ఆడ్నుంచి కారు కిటికీకి గుడ్డ గొట్టం కడదాం. కారు పైకిటికీ మీద పొగగొట్టం నిలబెడదాం.”

“పొగగొట్టానికి మంట కావాలిగా భాయ్?”

“మంట ఎందుకు? ఈ ఎండ చాలదా? నల్లటిది ఏదైనా ఎండలో పెట్టు, అదే పొయ్యి.”

ఈ యార్డులో నల్లటిది ఏదీ ఉండనివ్వను నేను. రేకులకు సున్నం, గోడలకు సున్నం, చివరికి అయాన్ భాయ్ గొడుగుకు కూడా సున్నం కొట్టించాను. కానీ గేటవతల రోడ్డు పనివాళ్ళు వదిలేసిన తారు డ్రమ్ములు ఉన్నాయి. రెండు వైపులా మూతలు ఊడినవి, కాటుకలా నల్లటివి.

గుడ్డ గొట్టం కుట్టాలంటే వెండిగుడ్డలు కావాలి, అవి జనం బండ్ల అద్దాల మీద ఉన్నాయి. కంత తీస్తే హాల్లో చల్లగాలి పోతుంది, మెట్ల తలుపు నుంచి వడగాలి దిగుతుంది. రెండింటికీ కింది వాళ్ళు ఒప్పుకోవాలి. ఒప్పుకోవాలంటే ఎందుకో చెప్పాలి.

మెట్ల దాకా వెళ్ళి, రెండు సార్లు వెనక్కి వచ్చాను. ఆ రెండు సార్లకు ఎంతసేపు పట్టిందో నాకు తెలుసు. ఎనిమిది నిమిషాలు. ఇది కూడా రాసి ఉంచుతున్నాను.

మధ్యాహ్నం 12:50 సంగతి, తర్వాత రాస్తున్నాను

హాల్లో నూట యాభై మంది దాకా ఉన్నారు. కొందరు చాపల మీద పడుకుని, కొందరు పేకాడుతూ, ఒక మూల పిల్లలు పలకరాళ్ళతో ఆడుతూ. నేను చివరి మెట్టు మీద నిలబడి చప్పట్లు కొట్టాను.

“అందరూ ఒకసారి ఇటు చూడండి. పొద్దున మీ బండ్లలో ముప్పై తొమ్మిది ఉండిద్దని చెప్పానే, అది అబద్ధం. ఇప్పుడు పైన నలభై ఆరు ఉంది. నిన్నా అబద్ధమే. పదకొండేళ్ళ నుంచీ అబద్ధమే చెప్తన్నా.”

కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. ముందు నక్షత్రకు అర్థమైంది. లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా, నన్ను దాటుకుని మెట్లెక్కింది. నా వైపు చూడలేదు.

తర్వాత గోల మొదలైంది. ఒక పెద్దాయన, “నా కంట్లో చుక్కల మందు బండిలోనే ఉంది గదమ్మా! చల్లగా ఉంచాలని డాక్టరు మరీ మరీ చెప్పాడే!” అన్నాడు. ఒకావిడ ఏడాది కిందట తన బండిలో పాలపొడి డబ్బా చెడిపోయి బిడ్డకు విరేచనాలు పట్టుకున్న సంగతి చెప్పింది. అది ఈ యార్డేనా అంటే ఈ యార్డే. నేను నిలబడి విన్నాను. మధ్యలో ఎక్కడా అడ్డం చెప్పలేదు, నాకు అలవాటు లేని పని అది.

గోల కాస్త తగ్గాక ఈగల సంగతి, కంత సంగతి, గుడ్డల సంగతి, డ్రమ్ముల సంగతి చెప్పాను. పేకాడుతున్న ఒక లావుపాటి మనిషి చేతిలో ముక్కలు కింద పెట్టాడు.

“అంటే ఈగల కోసం మేం ఉడకాలా? నువ్వు చేసిన దానికి?”

“నేను చేసినదానికే” అన్నాను. “హాల్లో మూడు డిగ్రీలు పెరిగిద్ది. అంతకంటే పెరిగితే కంత మూసేస్తా.”

ఆ పక్కన చాప మీద ఒక ముసలావిడ ఒత్తిగిలి పడుకుని ఉంది. లేవకుండానే అడిగింది.

“ఆ పిల్ల ఈగలు దేనికంట?”

“గుమ్మడి పాదులకు, దోస పాదులకు అవ్వా.”

“దోసకాయ పప్పు!” అందావిడ. లేచి కూర్చుంది. “దోసకాయ పప్పు తిని తొమ్మిదేళ్ళయింది. నా బండి అద్దం మీద గుడ్డ తీసుకో. రెండుంటయి, రెండూ తీసుకో.”

లావుపాటి మనిషి పేకముక్కలు పక్కకు నెట్టాడు. తర్వాత లేచి, తన గుడ్డ తనే తెస్తానన్నాడు. డ్రమ్ము ఎత్తడానికి నాకూ, అయాన్ భాయ్‌కీ చేతకాదని ఆయనకు చూడగానే తెలిసిపోయిందట.

మధ్యాహ్నం 2:05
బయట 52. హాల్లో 33. కారులో 41.

హాల్లో ఇద్దరు దర్జీలు ఉన్నారు. ఒకరి దగ్గర సూదులు, ఒకరి దగ్గర కత్తెర. పందొమ్మిది వెండిగుడ్డలు కలిపి, మనిషి దూరేంత వెడల్పు గొట్టం కుట్టారు. కంత మీది బండను నలుగురు కలిసి జరిపారు. చల్లగాలి ముఖానికి తగిలింది కానీ దానంతట అది పైకి రాదు, చలువ ఎప్పుడూ కిందికే దిగుతుంది. షెడ్డు రేకులు రెండు తప్పించి, తారు డ్రమ్ములు మూడు ఒకదాని మీద ఒకటి నిలబెట్టి, కారు పైకిటికీకి గుడ్డతో బిగించాం. మిగతా కిటికీలన్నీ మూసేశాం.

పావుగంట దాకా ఏమీ జరగలేదు. అయాన్ భాయ్ గొణుక్కుంటూ డ్రమ్ముల చుట్టూ తిరిగాడు. తర్వాత నేల మీద పడి ఉన్న గుడ్డ గొట్టం మెల్లగా ఉబ్బింది.

“లాగుతంది!” అని ఆయన వేసిన కేకకు కింద జనం కూడా అరిచారు. ఎండ ఎంత మండితే అంత లాగుతోంది. పొద్దున్నుంచీ తిట్టుకుంటున్న ఎండే మాకు పని చేసిపెడుతోంది.

నక్షత్ర కారు అద్దానికి ముఖం ఆనించి, లోపల అంకె చూస్తూ కూర్చుంది. తల మీద తడిగుడ్డ వేశాను. తీసేయలేదు, కప్పుకోనూ లేదు.

మధ్యాహ్నం 3:30
బయట 52. హాల్లో 34. కారులో 37.

మోత మళ్ళీ సన్నబడింది. అయిదు పెట్టెల్లో.

అడుగు వరసలో మూడు పెట్టెలు మోగడం లేదు. నక్షత్ర ఒకటి తెరిచి చూసింది. పట్లన్నీ ఒకదాని మీద ఒకటి జారి, తేనెలో ఈగలు తడిసి ముద్దయి ఉన్నాయి. వేలితో మెల్లగా వెతికి రాణీగను పైకి తీసింది. మిగతా వాటికంటే పొడుగ్గా ఉంది. అరచేతిలో పెట్టుకుని కదులుతుందేమో అని చూసింది. కదల్లేదు.

అప్పుడు నాతో మాట్లాడింది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

“ఇరవై నిమిషాలుంది పిన్నీ. పొద్దున నేనొచ్చేసరికి ఇరవై నిమిషాలుంది. ఒక్క మాట చెప్పుంటే వెనక్కి పోయేదాన్ని.”

“తెలుసు. గడియారం చూశా” అన్నాను.

ఆ మాట చెప్పకపోతే ఆమెకు ఎప్పటికీ తెలిసేది కాదు. కానీ ఇవాళ్టికి చెప్పిన అబద్ధాలు చాలు.

సాయంత్రం 5:10
బయట 48. బండ్లలో 46. పలకలో 46.

నాలుగున్నరకు తలుపులు తియ్యలేదు. సీట్లు తుడవలేదు. జనం పైకొచ్చి, తలుపు తీసి, లోపలి సెగకు వెనక్కి తగ్గారు. తెలియాలి కదా. కొందరు తిట్టారు. చుక్కల మందు పెద్దాయన సీసా ఎండకు పట్టి చూసి, పారేసి వెళ్ళిపోయాడు. ముసలావిడ మాత్రం తన వెండిగుడ్డలు వెనక్కి ఇవ్వబోతే తీసుకోలేదు. నక్షత్రకు దారిలో పనికొస్తాయంది.

నక్షత్ర అందరికంటే ఆఖరున బయలుదేరింది. చచ్చిపోయిన మూడు పెట్టెలు కూడా కారులోనే ఉంచుకుంది, చెక్క మళ్ళీ పనికొస్తుందట. ఇంజను వేసి, మళ్ళీ ఆపి దిగింది.

“రాయి పిన్నీ” అంది. “నేను చూస్తండగా రాయి.”

పలక తెచ్చాను. మూడో వరస, మధ్యాహ్నం, నలభై ఆరు. మొదటిసారి తప్పు పడింది, వేలు అలవాటుగా ముప్పై మీదికే పోయింది. చెరిపి మళ్ళీ రాశాను. పలక ఎర్రబడి కూత పెట్టింది. పదకొండు ప్రశ్నలూ వరసగా దిగాయి. ఆమె ఆ ఎరుపు కాసేపు చూసి, తల ఊపి, కారెక్కింది. గేటు దాటేటప్పుడు చెయ్యి ఊపుతుందేమో అని చూశాను. ఊపలేదు. అయిదు పెట్టెల మోత మలుపు దాకా వినబడిందనిపించింది. అంత దూరం వినబడదని నాకూ తెలుసు.

సంజాయిషీ రాశాను. నాలుగో ప్రశ్న: ‘ఉష్ణోగ్రత పరిమితి దాటడం ఎప్పుడు మొదలైంది?’ పదకొండేళ్ళ కిందట అని రాశాను. ఏడో ప్రశ్న: ‘కారణం?’ ఆ గడిలో యాభై అక్షరాలకు మించి పట్టవు. ‘నేను’ అని రాశాను. ఇంకా చాలా చోటు మిగిలింది.

తర్వాత పదహారో యార్డుకు ఫోన్ చేశాను. ఆద్య నవ్వుతుందనుకున్నాను. ఆమె అంతా విని, “నీళ్ళు రెండు ట్యాంకర్లు పంపిస్తా రేపు. మిగతా రెండూ నాక్కావాలి” అంది. అంతే.

మే 27
బయట 51. బండ్లలో 44. పలకలో 44.

మండలి నుంచి ఇంకా ఏమీ రాలేదు. వస్తుంది. అయాన్ భాయ్ తన పాత గరిటెలు బయటికి తీసి తోముతున్నాడు, ముందు జాగ్రత్తట. రిషాంక్ పొద్దున్నే ఫోన్ చేసి, నాకేమైనా పిచ్చి పట్టిందా అని అడిగాడు. నీ బండ్లలో నిజంగా ఎంత ఉంది రిషాంక్ అని అడిగాను. ఫోన్ పెట్టేశాడు.

గేటు మీద ఇన్నేళ్ళూ ‘39’ అని రంగుతో రాసి ఉండేది. దాని మీద సున్నం కొట్టి, పక్కన సుద్దతో, మధ్యాహ్నానికి ఎంతవుతుందో ఏ రోజుకారోజు పొద్దున్నే రాద్దామని పలక రాయి ఒకటి వేలాడదీశాను. దాని ప్రభావమో ఏమో, ఇవాళ బండ్లు ముప్పై ఒకటే వచ్చాయి. చాలామంది అంకె చూసి, ముందుకెళ్ళిపోయారు. పద్దెనిమిదిలో ముప్పై తొమ్మిదట మరి.

తొమ్మిదిన్నరకు ఒకాయన ఆగాడు. యాభై ఏళ్ళుంటాయి. పక్క సీట్లో వాళ్ళమ్మ, కళ్ళు మూసుకుని ఉంది. ఆయన అంకె చదివి, నన్ను చదివి, మళ్ళీ అంకె చదివాడు.

“నలభై నాలుగా? పోయిన నెల వచ్చినప్పుడు ముప్పై తొమ్మిది గదమ్మా?”

“అప్పుడూ నలభై పైనే అండీ. నేనే అట్టా రాశా.”

తిట్టి వెళ్ళిపోతాడనుకున్నాను. ఆయన కాసేపు స్టీరింగు మీద వేళ్ళతో కొట్టుకున్నాడు. తర్వాత ముందు అర తెరిచి, ఉన్నిగుడ్డలో చుట్టిన చిన్న కొత్త మందు సీసా తీశాడు.

“అయితే ఇది బండిలో వదలకూడదన్నమాట” అన్నాడు. “అమ్మకు షుగరు సూదిమందు. ఎప్పుడూ ఇందులోనే వదిలేస్తా. ముప్పై తొమ్మిదే గదా, చెడిపోదులే అనుకునేవాణ్ణి. పోయిన నెల నుంచీ ఎన్ని సూదులేసినా షుగరు దిగట్లా. డాక్టరేమో అమ్మ అన్నం ఎక్కువ తింటందంటాడు. పాపం ఆమెను తిట్టా కూడా.”

నేను సీసాను తడిగుడ్డలో చుట్టి ఆయన చేతికిచ్చాను. బండిలో వేడెక్కిన పాత మందు పారేయమని, కింద హాల్లో ఫోన్ ఉంది, డాక్టరుతో మాట్లాడమని చెప్పాను. ఆయన ఒక చేత్తో సీసా, ఒక చేత్తో వాళ్ళమ్మ భుజం పట్టుకుని నలభై ఎనిమిది మెట్లు మెల్లగా దిగాడు.

పలక తెరిచి వెనక్కి జరుపుకుంటూ వెళ్ళాను. పోయిన నెల, అంతకు ముందు నెల, పోయినేడు. ఈయనలాంటి వాళ్ళు ఇంకెంతమంది ఇక్కడ ఆగి వెళ్ళారో వెతికాను. ఏ పేజీ తీసినా ఏమీ తెలియలేదు. ప్రతి బండి నంబరు ముందూ ముప్పై తొమ్మిదే రాసి ఉంది.